మా బావ ముఖానికి నప్పని గొంతు

మా బావను మీరు చాలా సినిమాల్లో చూసే ఉంటారు. గుర్తుపట్టరు, అది మీ తప్పు కాదు. హీరోయిన్ తండ్రిగా కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. ఒక సీనులో దగ్గుతాడు, తర్వాతి సీనులో గోడమీద ఫోటో అవుతాడు. ఇంటర్వెల్ దాటి బతికిన సందర్భాలు తక్కువ. లైట్లు వెలగ్గానే మీరు బయటికెళ్లడానికి లేస్తారు చూడండి, ఆ లేవడంలోనే ఆయన్ని మర్చిపోతారు.

గొంతు మాత్రం మర్చిపోలేరు. నిజానికి బావ ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆ గొంతే. భాష రాని విలన్లు ఎక్కడెక్కడినుంచో వస్తారు కదా, నిలువెత్తు మనుషులు. సెట్లో వాళ్లు డైలాగు బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదువుతారు. కోపం సీనైతే ఏడూ ఎనిమిదీ కాస్త గట్టిగా అంటారు. తర్వాత బావ డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి, పెదవులు కదిలిన లెక్కన ఆ అంకెల మీద "నీ వంశాన్ని మట్టిలో కలిపేస్తా" అని పరుస్తాడు. జనం వణుకుతారు. విలన్‌కు అవార్డొస్తుంది. అతను వేదికెక్కి థాంక్యూ అంటాడు. ఆ ఒక్క మాటే అతని సొంతం.

ఇక్కడో తిరకాసుంది. ఆ గొంతు జనానికి విలన్ గొంతుగా అలవాటైపోయింది కాబట్టి, బావ ముఖానికి బావ గొంతు పనికిరాదన్నారు. సాధువులాంటి తండ్రి నోరు తెరిస్తే రాక్షసుడు మాట్లాడినట్టు ఉంటుందట. అందుకని బావ వేషాలకు రేడియో పెద్దాయన ఒకాయన డబ్బింగ్ చెబుతాడు. వార్తలు చదివి రిటైరైన మనిషి. కూతురు ఇల్లు వదిలి వెళ్లిపోయినా, రేపు చిరుజల్లులు పడవచ్చు అన్నట్టే ఏడుస్తాడు.

వృత్తిలో ఇవన్నీ మామూలేనని బావ సర్దుకుపోయేవాడే, వాళ్లమ్మ సంగతి లేకపోతే. అత్తయ్యకు చూపు బాగా తగ్గిపోయింది. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. సినిమాలో ఆవిడకు గొంతే కొడుకు. విలన్ ఎవర్నో కారుతో తొక్కించమని చెబుతుంటే, పక్క సీటావిణ్ణి మోచేత్తో పొడిచి, మా అబ్బాయే అని మురిసిపోయేది. హీరో వాణ్ణి చితకబాదే వేళకు ఇంటికి పోదాం పదమనేది. మధ్యలో మా అక్క, అదుగో మీ అబ్బాయి అని అసలు బావను చూపించబోతే, ఆ జలుబు గొంతువాడు నా కొడుకేమిటే అని కసిరేది.

మేమంతా నవ్వుకునేవాళ్లం. బావ నవ్వేవాడు కాదు.

"నా వేషం ఒక్కటీ అమ్మ చూళ్లేదు, సరేరా," అన్నాడోసారి నాతో. "కనీసం విననైనా లేదు."

ఈమధ్య ఆవిడ చెవులు కూడా మొరాయించడం మొదలుపెట్టాయి. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, వయసైపోయిందండీ అని కనిపెట్టాడు. ఆ వినికిడి ఉండగానే ఒక్కసారైనా అని బావకు తొందర పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మంచి వేషం వచ్చింది. మంచిదంటే మళ్లీ తండ్రే, మళ్లీ చావే. కాకపోతే చచ్చేముందు విలన్ కాళ్లు పట్టుకుని, కూతుర్ని వదిలెయ్యమని బతిమాలే పెద్ద సీనుంది. ఈసారికి నా వేషానికి నేనే చెప్పుకుంటానని బావ వెళ్లి డైరెక్టర్ని అడిగాడు. డైరెక్టర్ మహా న్యాయంగల మనిషి. అందరిలాగే మీరూ వాయిస్ టెస్టుకు రండి అన్నాడు.

షూటింగ్ అయ్యాక ఆ టెస్టుకు తోడుగా నేనూ వెళ్లాను. తెరమీద బావ ఏడుస్తున్నాడు, మైకు ముందూ బావే ఏడుస్తున్నాడు. పెదవికీ మాటకీ వెంట్రుకవాసి తేడా లేదు. సౌండ్ ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దం అవతలినుంచి డైరెక్టర్ మాట వినబడింది.

"ఎమోషన్ బాగుందండీ. కానీ ఆ ముఖానికి సూటవలేదు."

"ఆ ముఖం నాదేనండీ," అన్నాడు బావ.

"మీరలా అనుకుంటారు సార్. జనం అనుకోవాలి కదా."

ఆపైన ఓదార్పుగా, విలన్‌కు మాత్రం ఎప్పటిలాగే మీరే చెప్పాలన్నాడు. వాడికి వేరే గొంతు పెడితే కుర్చీలు విరుగుతాయట.

బావ ఎదురు చెప్పే రకం కాదు. కూరలో ఉప్పు లేకపోతే, ఉప్పుకే ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుందనుకుని తినేస్తాడు. అలాంటి మనిషి హెడ్‌ఫోను తీసి స్టాండుకు తగిలించి, తండ్రికి చెప్పనిస్తేనే విలన్‌కు చెబుతాను, లేదంటే రెండూ రేడియో పెద్దాయన చేతే చెప్పించుకోండి అన్నాడు. వాతావరణ సమాచారం చదివినట్టు వంశాన్ని మట్టిలో కలపడం ఎలా ఉంటుందో ఊహించుకుని కాబోలు, డైరెక్టర్ తల పట్టుకున్నాడు. పోస్టర్లు అప్పటికే గోడలకెక్కి ఉన్నాయి. మొహం గంటు పెట్టుకుని ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక అక్క తగులుకుంది. ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడుకుంటే జనం నవ్విపోతారని, రేపు విలన్ పని కూడా పోతుందని, కనీసం తండ్రికైనా గొంతు కాస్త సన్నం చేసి చెప్పమని పోరింది.

"సన్నం చేస్తే నేనని అమ్మకెలా తెలుస్తుందే," అన్నాడు బావ. అక్క లోపలికి వెళ్లి గిన్నెల మీద ఆ కోపం చూపించింది.

సినిమాకు అందరం వెళ్లాం. అక్క భయపడిందంతా వరసగా జరిగింది. తెరమీద బావ పాపం కూతుర్ని కాఫీ తెమ్మన్నాడు, అంతే. ముందు వరసలో ఎవడో, హంతకుడు వీడేరా అని తేల్చేశాడు. కూతురికి నిద్రపొమ్మని చెప్పినా హాలంతా అనుమానంగా చూసింది. సీట్లో బావ జారి జారి మోకాళ్ల ఎత్తుకు వచ్చాడు. అత్తయ్య మాత్రం తల కొంచెం పక్కకు వంచి, మాట పొల్లుపోకుండా వింటోంది.

అసలు సీను వచ్చింది. బావ గొంతు బతిమాలుతోంది, బావ గొంతే కుదరదు పొమ్మంటోంది. హాలు నవ్వులతో ఊగిపోయింది. పాపం ఇలాంటి చావు ఏ తండ్రీ చచ్చి ఉండడు. నేను అక్క వైపు చూడలేదు.

అత్తయ్య బావ చెయ్యి తడిమి పట్టుకుంది. చెవి సరిగ్గా లేనివాళ్లకు తామెంత గట్టిగా మాట్లాడుతున్నదీ తెలియదు కదా, హాలంతా వినబడింది.

"ఒరే, ఇద్దరూ నువ్వే మాట్లాడుతున్నావు. ఇందులో నువ్వెవరివిరా?"

"కాళ్లు పట్టుకున్నవాణ్ణమ్మా."

ఆవిడ తెర వైపు, వెలుతురు మసగ్గా కదులుతున్న వైపు, కాసేపు చూసింది.

"అయితే లేవరా. వాడి ముందు ఏడుపేంటి నీకు, వాడి గొంతు కూడా నీదేగా."

నవ్వులు కాస్త తగ్గాయి. బావ నిజంగానే లేచి నిలబడ్డాడు. తెరమీద ఇంకా కాళ్ల దగ్గరే ఉన్నాడు, ఇక్కడ మాత్రం నిటారుగా నిలబడ్డాడు.

వెనక వరసవాళ్లు కూర్చోవయ్యా, అడ్డం అని విసుక్కున్నారు.