టైటిల్స్‌లో నా పేరు

ముప్పయ్యేళ్లు ఓ పెద్ద సినిమా తార పెదవులు కదిపింది, నేను మాట్లాడాను. హాల్లో జనాన్ని ఏడిపించిన ఏడుపు నాది. టైటిల్స్‌లో మాత్రం ఏనాడూ నా పేరు పడలేదు. ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు, దాచుకోవడం దేనికి?

అందుకే ఆమె జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తున్న దర్శకుడు ఫోన్ చేసి, "మేడమ్ ఇంటర్వ్యూకి కూడా మీరే డబ్బింగ్ చెప్పాలమ్మా. ఆవిడ గొంతు బొంగురు, జనం ఒప్పుకోరు. ఈసారి మీ పేరు వేస్తాం," అనగానే ఎగిరి గంతేశాను. ఆమెకు తెలుసా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే పేరు చేజారుతుందని మింగేశాను.

డబ్బింగ్ గదిలో ప్రతి బిట్టుకీ ముందు ఆమె అసలు గొంతు వినిపించేవారు. తర్వాత నేను చెప్పేదాన్ని. మొదటి సినిమా, పెళ్లి, పోయిన కూతురు, అన్నీ ఒక్క టేక్‌లో అయిపోయాయి. "మీరొస్తే మాకు పనే ఉండదమ్మా," అన్నాడు సౌండ్ ఇంజనీర్. నేను పొంగిపోయాను.

చివరి బిట్టు వచ్చింది. ముందు ఆమె గొంతు వినిపించారు.

"ఇన్నేళ్లూ నా నోట అక్క మాట్లాడింది. ఆవిడ లేకపోతే నేను లేను. ఈ ఒక్కసారి నా గొంతుతోనే చెప్పుకుంటానంటే వీళ్లు సరేనన్నారు. బాగాలేకపోయినా భరించండి."

తల కొట్టేసినట్టయింది. నా చేతిలోని కాగితం మీద వేరే మాటలున్నాయి. "ఇన్నేళ్లూ నా మాటను ప్రేమించారు. మీరు లేకపోతే నేను లేను. ఎప్పటికీ ఇలాగే దీవించండి."

హెడ్‌ఫోన్లు తీసేసి లేచి రావలసింది. అలవాటైన నోరు ఏమందో తెలుసా?

"'దీవించండి' పెదవికి కలవదండీ. అక్కడ ఆమె పెదవులు మూసుకుంటున్నాయి. 'తప్పులుంటే మన్నించండి' అందాం."

చక్కగా కలిసింది.

ప్రివ్యూ రోజు ఆమె పట్టుబట్టి నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది, నా చెయ్యి పట్టుకుని. తెర మీద ఆమె నోరు తెరవగానే నా గొంతు వినిపించింది. ఆమె చెయ్యి ఒక్కసారి బిగిసి, మెల్లగా వదులైంది. సినిమా అయ్యేదాకా నా వైపు తిరగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆఖర్న పేర్లు మొదలయ్యాయి. నేను తల వంచుకున్నాను. అప్పుడు ఆమె నా చెవి దగ్గరకు వంగింది.

"నీ పేరు పడిందక్కా. చూడు."

ఆ బొంగురు గొంతు ఆ హాల్లో ఇంకెవరికీ వినపడలేదు.