మూడో లైను ఇన్సెంటివ్

బట్టల ఫ్యాక్టరీ మూడో లైనులో జేబులు కుట్టే జేబులామెకి, పదింటికి వచ్చిన కబురు ఒంటిగంటకు చెప్పాడు సూపర్‌వైజరు. అప్పటికి ఆ పూట చొక్కాల జేబులన్నీ కుట్టించుకున్నాడు.

"మీ అత్తగారు గేటుకి ఫోన్ చేసిందట. పాపకి బాగోలేదట, వెళ్లు," అన్నాడు గడియారం చూస్తూ.

జేబులామె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. తను వెళ్లేసరికి పాప లేదు. పది నెలల పిల్ల.

సాయంత్రం ఆ మాట వినగానే కాలర్లు కుట్టే కాలరక్క చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది. పొద్దున జేబులామె పాపని భుజాన వేసుకుని సెలవు అడగడానికి గేటు దగ్గరికొచ్చింది. పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది కాలరక్కే.

"కాస్త వెచ్చబడిందంతే. మా పిల్లలకి రావా జ్వరాలు? నువ్వొక్కదానివి మానేస్తే లైను మొత్తానికి ఇన్సెంటివ్ పోతుందమ్మా. ఇరవై మంది నోట్లో మట్టి కొడతావా?"

జేబులామె పాపని వెంట వచ్చిన అత్త చేతికిచ్చి లోపలికి వచ్చేసింది.

ఇప్పుడా వేడి కాలరక్క అరచేతిలోంచి పోవడం లేదు.

పని దిగాక లైనంతా సైకిళ్ల షెడ్డులో చేరింది. దారాలు కత్తిరించే పెద్దమ్మ నేలమీద కూలబడింది.

"ఏడేళ్లుగా ఇన్సెంటివ్, ఇన్సెంటివ్ అంటున్నాను. దాని అర్థం ఏమిటే అసలు?"

పదో తరగతి దాకా చదివిన గుండీలామె చెప్పింది. "ప్రోత్సాహకం అంటారు పెద్దమ్మా. మన పని చూసి సంతోషించి ఇచ్చేది."

"ఎవరు సంతోషించారే?"



"మా ఇంట్లో దాని అర్థం పాలపొడి," అంది ఒకామె.

"నాకు కడుపు పోయిన మర్నాడే మిషనెక్కడం," అంది ఇంకొకామె.

"ఇప్పుడవన్నీ తవ్వుకుంటే పాప లేచొస్తుందా?" అంది గుండీలామె. "ఆ ఇన్సెంటివూ వదులుకుంటే రేపు పొయ్యి ఎలా వెలుగుతుంది?"

"దాన్ని లోపలికి పంపింది నేను," అంది కాలరక్క.

"నువ్వు అనకపోతే నేనే అందును. నీ వెనకాలే ఉన్నాగా," అంది గుండీలామె.

"అదే చెబుతున్నా. ఆ సూపర్‌వైజరు గేటు దగ్గర ఎవర్నీ ఆపలేదు. ఒకరు మానితే అందరికీ కోత అన్నాడు, ఆ ఆపే పని మనకి అప్పగించాడు. జీతం లేని కాపలా కాశాం మనం. రేపు పాపని సాగనంపుతారు. నేను లోపలికి పోను. ఆ కోత ఎత్తేసేదాకా పోను."

ముందు పెద్దమ్మ లేచింది. తర్వాత ఒక్కొక్కరే. గుండీలామె అందరికన్నా ఆఖరున లేచింది.

మర్నాడు తన వాకిట్లో జేబులామె కాలరక్కని చూసి అడిగింది. "నువ్వు చెయ్యేసి చూశావు కదక్కా. అప్పటికి అంత వేడి లేదు కదా?"

అవునంటే ఇద్దరికీ సులువే.

"ఉంది. కాలిపోతోంది. తెలిసే పంపాను."

జేబులామె ఏడవలేదు, తిట్టలేదు. ఆ చెయ్యే పట్టుకుంది. గోళ్లు దిగేంత గట్టిగా పట్టుకుని నడిచింది.

తండ్రి రెండు చేతుల మీద పాప. వెనకాల మూడో లైను. దారి ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే.

"ఎవరెవరు రాలేదో పేరుపేరునా రాస్తున్నా," అని అరిచాడు సూపర్‌వైజరు.

పెద్దమ్మ ఆగింది. "అన్ని పేర్లెందుకు నాయనా, చెయ్యి నొప్పి. మూడో లైను అని రాసుకో."

లోపల రెండో లైనులో ఒక మిషను ఆగింది. కాసేపటికి ఇంకొకటి.