ఎలుకల గదిలో ఇరవయ్యో నెల

ఎలుకను అరచేతిలోకి తీసుకోగానే ఆమె వేలికి శనగగింజంత గడ్డ తగిలింది. ఆ వారంలో ఇది నాలుగోది.

ఇరవై నెలలుగా ఆ గదిలోని ఎలుకలకు మేత పెట్టడం, తూకం వెయ్యడం, పంజరాలు కడగడం ఆమె పని. పెద్ద పెద్ద తొట్లలో సూక్ష్మజీవుల్ని పెంచి తీసిన కొత్త ప్రొటీన్ పొడిని పశువుల దాణాలో కలపొచ్చా, జీవితాంతం తిన్నా హాని లేదా అని తేల్చే పరీక్ష అది. మామూలు మేత తినే ఎలుకలు పక్క గదిలో ఉండేవి. వాటిని చూసేది వేరే మనిషి. ఈమె అందులోకి అడుగుపెట్టకూడదు.

గడ్డ సంగతి పుస్తకంలో రాసి, వెనక పేజీలు తిరగేసి గడ్డలన్నీ మళ్లీ లెక్కపెట్టింది. ఎలుక మీద జాలితో కాదు. గడువు దాటిందని పారెయ్యమన్న పొడిని ఏడాదిగా ఇంటికి మోసుకెళ్లి కోళ్లకు వేస్తోంది. ఆ గుడ్లు రోజూ తినేది ఏడేళ్ల కూతురు.

సాయంత్రం ఇంటికి వెళ్లగానే కూతురి మెడా చంకలూ తడిమింది.

"అమ్మా, చక్కిలిగిలి!" అంటూ ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

మెడ పక్కన వేళ్ల కింద చిన్న గడ్డలాంటిదేదో జారింది. తల్లి అక్కడే మళ్లీ నొక్కి చూసింది.

"ఏమైందే నీకు? అలా పాలిపోయావు?" అన్నాడు భర్త.

ఆమె లేచింది. బుట్టలో గుడ్లన్నీ తీసుకెళ్లి పెరట్లో గొయ్యి తీసి పూడ్చేసింది.

మర్నాడు పొద్దున్నే, ఆ రెండు గదుల ఎలుకల్నీ చూసుకునే పశువుల డాక్టరమ్మ దగ్గర ఉన్నదంతా కక్కేసింది. ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకుంది.

"ఎంత పని చేశావమ్మా!" అంది డాక్టరమ్మ. పక్క గది పుస్తకం తెచ్చి తెరిచింది. "చూడు, ఈ వారంలో ఇక్కడా ఐదింటికి గడ్డలు కనబడ్డాయి. మామూలు మేత తిన్నవే ఇవి. ముసలి ఎలుకలకు గడ్డలు వస్తుంటాయి."

"అయితే మా పిల్లకేం కాదా అండీ?"

"కాదని చెప్పాలనే ఉంది నాకూ. కానీ పరీక్ష తేలకుండా ఎలా చెప్పను? అది ముగియడానికి ఇంకా నాలుగు నెలలుంది. ముందు పాపని డాక్టరుకి చూపించు."

మెడలోది జలుబుకి ఉబ్బిన గ్రంథేనని పిల్లల డాక్టరు చెప్పాడు. ఆమె సగమే నమ్మింది. ఎలుకల గది నుంచి తీసేసి ఆమెను పంజరాలు కడిగే చోట వేశారు. ఆ నాలుగు నెలలూ జడ వేసే నెపంతో రోజూ పిల్ల మెడ తడుముతూనే ఉంది.

చివరికి డాక్టరమ్మే వెతుక్కుంటూ వచ్చింది. "పరీక్ష ముగిసింది. గడ్డల్లో రెండు గదులకీ తేడా లేదు. ఊపిరి పీల్చుకో."

ఆమె తడి నేల మీదే కూలబడి భోరుమంది. ఏడుపు ఆగాక అడిగింది: "ఎలుకల వరకేనా అండీ?"

"ఎలుకల వరకే," అంది డాక్టరమ్మ మెల్లగా.

ఇంటికి వెళ్లేసరికి కూతురు గుడ్డు కావాలని మారాం చేస్తోంది. కొట్లో కొన్న గుడ్డే. అయినా దాన్ని చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.