బోరు పరువు

మా ఊళ్లో మగవాళ్లు నడుము పట్టేస్తే చెప్తారు, కొడుకు మాట వినకపోతే చెప్తారు, బోరు ఎండుతోందని మాత్రం చచ్చినా చెప్పరు. మా ఆయన బొజ్జన్న అందులో అందరికన్నా మొండి. చుట్టుపక్కల చేలల్లో వేసిన బోర్లన్నీ దుమ్ము లేపి ఊరుకుంటే మా చేనులో నీళ్లు పడ్డాయి. ఆనాటి నుంచి ఆయన నడకే మారిపోయింది. ఆ నీళ్లను నమ్మి చీనీ తోట, అదే బత్తాయి తోట పెట్టాం. పాదులు తీసి, పేడ మోసి, తిట్టి, ముద్దుచేసి ఆ చెట్లను నేనే సాకాను. మొదటి కాపు ఈ ఏడే చేతికి రావాలి.

డిసెంబరులో కరెంటు కంపెనీ ఇంజనీరు రంగనాథ్ వచ్చాడు. పాత మోటార్లు తీసేసి, తక్కువ కరెంటు తినే కొత్తవి ఊరికే బిగిస్తామన్నాడు.

"ఊరికే ఎందుకిస్తారప్పా? మీకేమొస్తాది?" అని అడిగాను. ఊరికే ఇచ్చేవాళ్లంటే నాకు మొదట్నుంచీ అనుమానమే.

ఆ అబ్బాయి దాచుకోలేదు. "సేద్యానికి ఉచితంగా ఇచ్చే కరెంటు మాకు భారంగా ఉందమ్మా. మీ మోటారు తక్కువ తింటే మాకు మిగులుతుంది. ఎంత మిగిలిందో చూసుకోడానికి మీటరు పెడతాం. దానికే ఊరంతా బిల్లు వేస్తారని భయపడుతున్నారు. బొజ్జన్న పెద్దాయన మాటకు విలువుంది, ఆయన ఒప్పుకుంటే మిగిలినవాళ్లూ వస్తారు."

మాటకు విలువ అనగానే మా ఆయన పొంగిపోయాడు.

నీళ్ల లోతు కొలిచి, దాన్ని బట్టి మోటారు ఇస్తారట. కొలతకు వాళ్లు వచ్చే ముందురోజంతా మా ఆయన మోటారు వెయ్యలేదు. ఊరిన నీళ్లన్నీ బోరులో పైకొచ్చి నిలిచాయి. పెళ్లిచూపులకు పిల్లను చేసినట్టు బోరును ముస్తాబు చేశాడు.

"ఎండాకాలంలో కూడా ఇంతేనా?" అని రంగనాథ్ అడిగాడు.

"ఇంతే సార్. నా బోరుకు ఎండాకాలమే తెల్దు."

నేను నోరు తెరిచేలోపే వాళ్లు కొలతాడు చుట్టేశారు.

చిన్న మోటారు వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి బోరులోకి దించాం. పాత పెద్ద మోటారును పట్టుకుపోయి తుక్కు చేశారు. ఒప్పందం అదే.

శివరాత్రి దాటాక నీళ్లు దిగిపోయాయి. అంత లోతు నుంచి పైకి తోసే బలం చిన్న మోటారుకు లేదు. కాసేపు సన్నటి ధార, ఆ తర్వాత గాలి. కాలిపోకుండా మోటారు దానంతటదే ఆగిపోయేది. ఆకులు ముడుచుకున్నాయి, పిందెలు రాలాయి.

"ఏమయ్యా, సారుతో చెప్పు. పెద్ద మోటారు అడుగు."

"ఏమని చెప్పల్ల? అబద్ధం చెప్పినానని చెప్పల్లనా? నా బోరులో నీళ్లు లేవని ఊరంతా అనుకోవల్లనా?"

"చెట్లు సస్తాండాయి!"

"వానొస్తాది లే."

వాన రాలేదు. నేను బిందెలతో మోశాను. ఎన్ని చెట్లకని మోస్తాను? చెట్ల కింద కూర్చుని ఏడ్చాను. ఆయన మాత్రం ఊళ్లోకి పోయి కొత్త మోటారు బ్రహ్మాండమని చెప్పి వచ్చేవాడు. అది నమ్మి పక్క చేను వీరభద్ర కూడా పేరు రాయించుకున్నాడు.

జూన్‌లో సబ్‌స్టేషన్ దగ్గర మీటింగు పెట్టి రంగనాథ్ మా ఆయనకు శాలువా కప్పాడు. "మండలంలో అందరికన్నా ఎక్కువ కరెంటు ఆదా చేసింది ఈయనే! మీటరు చూసి మా పైవాళ్లే ఆశ్చర్యపోయారు." అందరూ చప్పట్లు కొట్టారు. ఆగిపోయిన మోటారు కరెంటు తినదని ఆ పిల్లోడికి తట్టనే లేదు.

నాలుగు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. మా ఆయన శాలువా అంచు నలుపుతూ నిలబడ్డాడు. ఎదురుగా వీరభద్ర కూర్చుని ఉన్నాడు. మర్నాడే అతని బోరు కొలుస్తారు.

"నా బోరులో నీళ్లు లేవు" అన్నాడు మా ఆయన. "కొలిచేనాడు నేను మోటారు ఆపి నీళ్లు నిలబెట్టి చూపిచ్చినా. ఎండలకు దిగిపోయినాయి. తోట పోయింది. వీరభద్రా, నువ్వన్నా నిజం చెప్పప్పా."

రంగనాథ్ ముఖం పాలిపోయింది. "ఒక్క ఫోను చేసుంటే పెద్దది మార్చి ఇచ్చేవాణ్ణి కదా పెద్దాయనా" అన్నాడు.

ఆ ఒక్క మాట చెప్పమనే కదా ఎండాకాలమంతా ఆయన కాళ్లావేళ్లా పడ్డాను! నాకు కోపం కూడా రాలేదు, ఏడుపే వచ్చింది.

మర్నాడు వీరభద్ర తన బోరు నీళ్లు ఎండల్లో ఎంత లోతుకు దిగుతాయో రంగనాథ్‌కు దాచకుండా చెప్పాడు. వాళ్లు అక్కడ కొలుస్తున్నప్పుడే మేము ఎండిపోయిన చీనీ చెట్లు నరుకుతున్నాం.