బావగారిని లాగిన చెక్క ఇంజను

వీరవెంకటరమణకి నోరు ఊరుకోదు. స్వయానా త్రిమూర్తులు అక్క మొగుడై ఉండి, రాజోలు బస్సు ఆగే సెంటర్లో పదిమంది టీ తాగుతుంటే, "మా బావమరిది చెక్క రైలు చేసేడండోయ్! అంతా బాగానే ఉంది గానీ, దాన్ని లాగడానికి ఓ గేదెని కొనాలంట" అన్నాడు. టీ కాచేవాడితో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వుని త్రిమూర్తులు అప్పుడూ మర్చిపోలేదు, ఇప్పుడూ మర్చిపోలేదు.

మర్చిపోయే నవ్వా అది? ఏళ్ల తరబడి చాకిరీ చేశాడు. తాడి మొద్దు తొలిచి బాయిలరు చేశాడు. పొగగొట్టానికి పనసచెక్క వాడాడు. చక్రాలు నల్లతుమ్మవి, ఎడ్లబండి చక్రానికి బిగించినట్టే వాటికీ ఇనుప పట్టీ బిగించాడు. ఇంజను నిలువెత్తు మనిషి పడుకున్నంత పొడవుంటుంది. రైలెక్కాలంటే గోదావరి దాటాల్సిన ఊళ్లో, ఏడో తరగతితో బడి మానేసిన కొబ్బరి రైతు చేసిన ఇంజను అది. దానికి లేనిదల్లా ఒక్కటే, కదలిక.

ఆ సాయంత్రమే బావ ఇంటికొచ్చి మరీ పందెం వేశాడు.

"బామ్మర్దీ, నన్ను వెనకాల పెట్టెలో కూర్చోబెట్టుకుని నీ తోట ఈ చివర్నించి ఆ చివరికి లాక్కెళ్లిందంటే, అదే సెంటర్లో నిన్ను ఇంజినీరుగారూ అంటాను. లాగలేదనుకో, ముక్కలు కొట్టి మా నీళ్ల కాగు కిందకి పంపెయ్యి."

"ఆయ్, అలాగేనండి బావగారూ" అన్నాడు త్రిమూర్తులు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాడు.

ఇక మోటారు వేట మొదలైంది. మొదట పెళ్లాం సావిత్రి మిక్సీ మీద పడ్డాడు. స్విచ్ వెయ్యగానే అది పెట్టిన కేకకి చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. ఇంజనుని పైకెత్తి పట్టుకున్నంతసేపూ చక్రాలు గిర్రున తిరిగాయి. కింద పెడితే అంగుళం కదల్లేదు. కమురు వాసన మాత్రం వంటింటిదాకా వెళ్లింది.

"రోట్లో రుబ్బుకోమంటే రుబ్బుకుంటాను" అంది సావిత్రి. "కానీ అది మా పుట్టింటోళ్లు ఇచ్చిందండి. మీ చెక్క ముక్కకి బలిచ్చేరు."

"వేగం ఉంది గానీ బలం లేదే దానికి."

"మీకు రెండూ ఉన్నాయి లెండి, బుద్ధే లేదు."

బలం కోసం పోయి రెండో తప్పు చేశాడు. రొయ్యల చెరువులు వచ్చాక ఆ చుట్టుపక్కల మోటారు అంటే చెరువు మోటారే. ఎవర్నడిగినా హార్స్‌పవర్ లెక్కే చెబుతారు. చెరువులో నీళ్లు చిలికే పెద్ద మోటారొకటి అద్దెకు తెచ్చి ఎక్కించాడు. దాని బరువుకే తాడి బాయిలరు నిలువునా బీటలిచ్చింది. పైగా దానికి కరెంటు స్తంభం నుంచి తోటదాకా తీగ ఈడ్చుకురావాలి. అప్పుడే అటు వచ్చిన బావ ఆ తీగని చూసి పడీపడీ నవ్వాడు.

"గేదె కావాలనుకున్నానురా. దీనికే తోక మొలిచేసింది, ఇంకెందుకు!"

త్రిమూర్తులు ఆ రోజు అన్నం తినలేదు. బీటలో జిగురు నింపి, ఇనుప బద్దతో బిగించి, ఇంజనుని గోనెపట్టా కింద కప్పేశాడు.

ఆ వారమే అరటి గెలలేసుకుని రావులపాలెం వెళ్లాడు. మార్కెట్లో జోరున వాన. ఎదురుగా నిలబడ్డ లారీ అద్దానికి తడిసిన అరటాకొకటి అతుక్కుంది. వైపరు వచ్చి దాన్ని తగిలింది. వెనక్కి తగ్గలేదు, తొందరా పడలేదు. బరువైన ఆకుని నెమ్మదిగా, మొండిగా తోసుకుంటూ పోయి అద్దం అంచున పడేసింది. గెల భుజం మీద ఉండగానే త్రిమూర్తులు నిలబడిపోయాడు. పరిగెత్తేది కాదు, తోసేది కావాలి తన ఇంజనుకి!

పాత లారీ సామాన్ల కొట్లో వైపరు మోటారు అడిగితే, "ఏ లారీకండి?" అన్నాడు కొట్టాయన.

"రైలుకండి."

కొట్టాయన అతన్ని ఎగాదిగా చూసి తీసిచ్చాడు.

ఆ మోటారు పొట్టలో చిన్న పళ్లచక్రం ఉంది. మోటారు ఎంత వేగంగా తిరిగినా, ఆ చక్రం వేగాన్నంతా మింగి బలంగా మార్చి బయటికిస్తుంది. తిరుగుతున్న ఇరుసుని త్రిమూర్తులు గుడ్డ చుట్టి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఆగలేదు. చేతులే మెలితిరిగాయి. ఆ నొప్పికి అతనికి నవ్వొచ్చింది. సైకిలు గొలుసుతో దాన్ని చక్రాలకి కలిపి, స్కూటరు బ్యాటరీలు రెండు బొగ్గుల పెట్టెలో దాచాడు. తోకా లేదు, కేకా లేదు.

ఇక పట్టాలు వెయ్యాలి. కొబ్బరి తోటలో ఎటు చూసినా చెట్లు, నీళ్ల బోదెలు. చివరిదాకా తిన్నగా పోయేది గట్టొక్కటే. ఆ గట్టేమో తనకీ బావకీ ఉమ్మడి.

"రాతకోతలు లేకుండా గట్టు మీద చెయ్యి పెట్టకండి" అంది సావిత్రి.

"మనలో మనకి రాతలేంటమ్మా, వేసుకోనీ" అన్నాడు బావ, మీసం సవరించుకుంటూ.

త్రిమూర్తులు గట్టు పైభాగం చెక్కి, చదును చేసి పట్టాలు పరిచాడు. ఆదివారం పొద్దున్నే జనం పోగయ్యారు. బావ వెనక పెట్టెలో ఎక్కి కూర్చోగానే చక్రాలు కిర్రుమన్నాయి.

"మీ బరువుకి లారీ అయినా ఒకసారి ఆలోచించుకుంటుందండి" అంది పక్కనే నిలబడ్డ అక్క రాజ్యం, మొగుడితో.

త్రిమూర్తులు స్విచ్ వేశాడు. గొలుసు బిగుసుకుంది. ఇంజను కదల్లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. మరుక్షణం నల్లతుమ్మ చక్రం ఒక పన్ను తిరిగింది, ఇంకో పన్ను తిరిగింది, ఇంజను నడక అందుకుంది. చూడి గేదె నడిచినట్టు నిదానంగా, ఎవరినీ లెక్కచెయ్యకుండా పోయింది. నడిమధ్యలో గట్టు దిగబడి పట్టా కుంగిన చోట మూతి పైకెత్తి ఎక్కేసింది. త్రిమూర్తులు పక్కనే నడిచాడు, చెయ్యి కూడా వెయ్యలేదు. ఆ కాస్త దూరం అతను నడిచినట్టు ఆ ఊళ్లో ఏ కామందూ నడిచి ఉండడు.

"దిగండి బావగారూ, స్టేషనొచ్చింది."

వీరవెంకటరమణ మాట తప్పలేదు. సెంటర్లో అందరి ముందూ, "మా బావమరిది ఇంజినీరుగారండి" అన్నాడు, వేపాకు నమిలినట్టు మొహం పెట్టి. ఐ.పోలవరం నుంచి కూడా ఆటోలు కట్టించుకుని చూడ్డానికొచ్చారు.

ఆ మాట అనాల్సి వచ్చినందుకే బావ కక్ష కట్టాడు. వారం తిరక్కుండా పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"వేసుకోమన్నది ఒక్కరోజుకండి. సగం గట్టు నాది. పట్టాలు పీకి గట్టు మళ్లీ పొయ్యమనండి. లేదా, నా సగానికి బదులు తన తోటలోంచి నేనడిగినంత ఇమ్మనండి."

"సిగ్గు లేదా మీకు?" అని రాజ్యం అరిచింది. ఆయన వినలేదు. పెద్దమనుషులు అటూ ఇటూ చూసి, నీ ఇష్టమయ్యా అన్నట్టు త్రిమూర్తులు వైపు తిరిగారు.

"పోనీ పీకెయ్యండి, మళ్లీ ఎక్కడైనా వేసుకుందురు గానీ" అని సావిత్రి గొణిగింది. ఇంకెక్కడా తిన్నని నేల లేదని ఆవిడకీ తెలుసు.

త్రిమూర్తులు పట్టాల వైపు చూశాడు. "నా రైలు పట్టాలు నేను పీకనండి. కొలుచుకోండి" అన్నాడు.

టేపు పట్టుకుని కొలుచుకున్నారు. బావ సగం గట్టు అర సెంటుకి మించదు. దానికి బదులుగా త్రిమూర్తులు తోటలోంచి పోయింది ఒక సెంటు నేల, దాని మీద కాపు మీదున్న రెండు కొబ్బరి చెట్లు.