పాషా ఆఖరి పది గుండ్లు

ఏడో నంబరు రైఫిల్ బ్యారెల్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి, వెనక నుంచి ఒంటికన్నుతో చూసిన అహ్మద్ పాషాకు గుండె గుభేలుమంది. లోపల అద్దంలా మెరుస్తోంది. నూనె వాసన కూడా వస్తోంది.

పాల్వంచ రైఫిల్ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా తుపాకులు తుడవడం, గురి కాగితాలు అతికించడం అతని పని. ఈ పాయింట్ టూటూ రైఫిళ్లను ఎంత తక్కువ తుడిస్తే అంత మంచిదని అతనికి అనుభవం మీద తెలుసు. గుండ్లకు పూసిన మైనం, వాటి సీసం గొట్టం లోపల సమంగా పట్టాకే అవి కుదురుగా కొడతాయి. తుడిచి నూనె పెడితే మొదటి ఏడెనిమిది గుండ్లు ఎటు పోతాయో దేవుడికే ఎరుక.

అప్పుడే నిర్మలాదేవి నవ్వుతూ వచ్చింది. ఆమె భద్రాచలంలో నర్సు. ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి ఇతని దగ్గరే గురి నేర్చుకుంది. ఇవాళ ఆమెకు రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ, అందుకే నిన్ననే వచ్చింది. ఇవాళే పాషాకు ఉద్యోగంలో ఆఖరి రోజు.

"చాచా, నిన్న మీరు నమాజుకు పోయినప్పుడు నేనే తుడిచిన. మీరు పోయేరోజు రైఫిల్ మెరవాలని."

పాషా రైఫిల్‌ను బల్ల మీద పెట్టాడు. "మంచిగ చేసినవ్ బేటా," అన్నాడు.

ఎనిమిది రైఫిళ్లలో గీతలు పడ్డ ఈ ఏడోదాన్ని ఆమెకు ఎంచింది అతనే. కొత్తవన్నీ పైన పటారం, లోన లొటారం. మూడు రకాల తూటాలు పదేసి కాల్చి చూస్తే, ఆకుపచ్చ డబ్బా తూటాలతో ఇదే గుండు మీద గుండు పెట్టింది. ఇప్పుడు రైఫిల్ మార్చడమంటే పీటల మీద పెళ్లికొడుకును మార్చడమే. పోటీకి ముందు సరిచూసుకోవడానికి ఆమెకిచ్చేది ఐదు తూటాలు. నిజం చెబితే చెయ్యి వణుకుతుంది.

క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. పదవీ విరమణ చేసేవాళ్లు సాయంత్రం అందరి ముందు పది గుండ్లు కాలుస్తారు. ఆ కాగితాన్ని పేరు రాసి గోడకు తగిలిస్తారు. ఆ పదింటి కోసం పాషా ఎంత ఆశపడ్డాడో భార్య అమీరున్నీసాకే తెలుసు.

అతను సెక్రటరీ చెంచురామయ్య దగ్గరికి వెళ్లాడు.

"సార్, నా పది ఇప్పుడే కాలుస్త. ఏడో నంబరుతోనే."

బోర్లా పడుకుని కాల్చాడు. మొదటి గుండు కాగితం అంచున తగిలింది. రెండోది ఇంకో మూలన. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డదట. గట్లుంది పాషా నీ పని," అని చెంచురామయ్య నవ్వాడు.

పాషాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా పదీ పూర్తి చేసి, రైఫిల్‌ను తుడవకుండానే నిర్మలాదేవి చేతికిచ్చాడు.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నిర్మలాదేవి జట్టులో ఉంది. "మీ రైఫిల్ మాట నిలబెట్టింది చాచా," అంటూ అతని రెండు చేతులూ పట్టుకుంది. అవ్, మంచి రైఫిల్ అన్నాడు పాషా. సాయంత్రం తాళంచేతులు అప్పగించి, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

గోడ మీద అతని పేరుతో కాగితం మిగిలింది. ఏడు చిల్లులు చెల్లాచెదురుగా ఉన్నాయి, మూడు మాత్రం నట్టనడుమ, ఒక్క రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా.