నాలుగు నెలల పది రోజులు

ఆయన ఇంకో నాలుగు నెలలు ఉండి పోయుంటే ఏమయ్యేది, అనుకుంది దస్తగిరమ్మ, అనుకున్న వెంటనే నాలుక కరుచుకుంది, కట్టుకున్నవాడి చావుకు రోజు ఎంచి పెట్టే ఆడది ఎక్కడైనా ఉంటుందా, అయినా మనసు ఆగదు, ఖాసిం సాబ్ చలికాలంలో కాకుండా ఎండలు ముదిరినాక పోయుంటే ఆయన చావూ ఇంటి అప్పుకు సొసైటీ పెట్టిన గడువూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడేవి కావు, ఇల్లు నిలిచేది, ఇట్లా వాకిట్లో భీమప్ప తప్పెట కొట్టేవాడు కాదు, ఆదోని ఊరి చివర ఈ కాలనీలో నలభై ఇళ్ళుంటే ఒక్క తన ఇంటి ముందరే వేలం, పరదా సందులోంచి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, తోలు చెప్పులు, టైరు చెప్పులు, ఒక జత బూట్లు, అవి వేలం వేసే అమీనువి, ఆ పక్కన అరిగిపోయిన చెప్పులు సొసైటీ గుమాస్తా ఆంజనేయులువి, ఆ చెప్పులు ఆమెకు బాగా గుర్తు, ఫిబ్రవరిలో ఇదే పరదా అవతల రెండుసార్లు వచ్చి నిలబడ్డ చెప్పులు, అమ్మా, సెడ్డ కబురు కాదు, మంచి మాటే తెచ్చినా, అపరాధ వడ్డీ అంతా కొట్టేస్తాండారు, అసలును చిన్న కంతులు చేస్తారు, మార్చి ఆఖరులోగా మీరు ఆఫీసుకొచ్చి సెక్రటరీ ముందర ఏలిముద్ర ఏస్తే సాలు, ఇల్లు మీకే నిలబడ్తాది అన్నాడు, నేను ఇద్దత్‌లో ఉండానప్పా, మొగుడు పోయినాక నాలుగు నెలల పది దినాలు మేము గడప దాటగూడదు, పరాయి మొగోళ్ళ కంట పడగూడదు, అయిపోతానే వస్తా అంది తను, మీ ఇద్దత్ నాకు తెల్దమ్మా, మా సెక్రటరీకి మార్చి నెల ఒకటే తెల్సు అని వెళ్ళిపోయాడు.

తప్పెట ఆగింది, అమీను ఇంటి హద్దులు చదువుతున్నాడు, తూర్పున దారి, పడమర రహమత్ బీ ఇంటి గోడ, ఆ గోడ పేరు వినగానే ఒళ్ళు మండింది, ఆ గోడ మీది నుంచే కదా మాట వచ్చింది, ఖాసిం సాబ్‌ను మట్టి చేసి వచ్చిన రెండో నాడు, మీ దూదేకులోళ్ళకు ఇద్దత్ ఏం తెల్సులే వదినా, మూడో దినం ఫాతెహా అయితానే సంచి పట్టుకొని సంతకు పోతారు అంది రహమత్ బీ, ఉర్దూ మాట్లాడే ఇంటి మనిషి, తెలుగు మాట్లాడే దూదేకుల వాళ్ళంటే ఎప్పుడూ ఆ నవ్వే, దూది ఏకి పరుపులు కుట్టుకునే మాకు నమాజు రాదంటారు, పద్ధతి తెలియదంటారు, సరే చూడు అనుకుంది తను, రహమత్ బీ కన్నా వాళ్ళమ్మ కన్నా గట్టిగా కూర్చుంటా అనుకుంది, కూర్చుంది, వీధి కొళాయికి కూడా పోలేదు, నీళ్ళు ఎదురింటి ప్రభావతి తెచ్చి గడప ముందర పెట్టేది, తలకు నూనె లేదు, చేతికి గాజు లేదు, నెల తిరిగేసరికి రహమత్ బీ నోరు మూతపడింది, ఆ గెలుపు ఎంత తియ్యగా ఉండింది, ఇప్పుడు తలుచుకుంటే నోరంతా చేదు, ఖాసిం సాబ్ ఉంటే నవ్వేవాడు, ఊర్లో పెద్దపెద్ద సావుకార్లందరూ నేను కుట్టిన పరుపు మీద పండుకుంటారు దస్తగిరీ, మనం మాత్రం సాప మీద పండుకొని వాళ్ళను చూసి కుళ్ళుకుంటాం అనేవాడు, అని దగ్గేవాడు, గొంతులోంచి దూది పోగులు వచ్చేవి, ఆ దగ్గుతోనే పనులు తగ్గాయి, పనులతో పాటే కంతులు ఆగాయి.

ఎనిమిది వేలు అని ఎవరో అన్నారు, గోనెగండ్ల నుంచి వచ్చిన ధాన్యం వ్యాపారి కాబోలు, గొంతు కొత్తగా ఉంది, కాలనీ వాళ్ళు ఒక్కరూ వేలం పాట పాడడం లేదు, చాలామంది ఉన్నారు, పసిపిల్లల ఏడుపు వినబడుతోంది, అందరికీ తెలిసిపోయింది, ఈ ఒక్క రోజు రాకూడదనే కదా, మార్చిలో ట్రాక్టరు వచ్చిన పొద్దున కూడా ఇదే భయం, కాలనీ ఆడవాళ్ళంతా ట్రాలీలో ఎక్కి కూర్చున్నారు, మొగవాళ్ళు సైకిళ్ళ మీద, దస్తగిరక్కా, అందరం సొసైటీ ఆఫీసుకు పోతాండాం, నువ్వూ రా, నీకు సోటు పెట్టినా అని ప్రభావతి వాకిట్లో నిలబడి కేకేసింది, నాకేం పని ఆడ, మా బాకీ ఎప్పుడో తీరిపాయ కదా, అదీగాక నేను ఇద్దత్‌లో ఉండా అని లోపలి నుంచే జవాబు చెప్పింది తను, బాకీ తీరిపోయిందన్నది ఎంత పెద్ద అబద్ధం, రెండేళ్ళ కిందట రహమత్ బీ మాది తీరిపాయ అని గొప్పగా చెప్పుకుంటే తట్టుకోలేక మాది కూడా తీరిపాయ అనేసింది, అని ఊరుకుందా, రొట్టెలు నలిపి బెల్లం నెయ్యి కలిపి మలీదా చేసి ఫాతెహా చదివించి నలభై ఇళ్ళకూ పంచింది, సాయంత్రం ఇంటికొచ్చిన ఖాసిం సాబ్ ఏంది సంబరం అంటే ఏదో మొక్కు ఉండ్య అని చెప్పింది, పాపం ఆయన రెండు పిడికిళ్ళు తిని శానా బాగుంది దస్తగిరీ అన్నాడు, తన అప్పు తీరినందుకు చేసిన మలీదా అని తెలియకుండానే తిన్నాడు.

పరదా కదిలింది, ప్రభావతి లోపలికి వచ్చి పక్కన కూలబడింది, చేతి మీద చెయ్యి వేసింది, ఎందుకిట్ల చేస్తివక్కా అంది, ఏం చేసినా నేను అని దస్తగిరమ్మ గొంతు పెంచబోయింది కానీ అది పెరగలేదు, నువ్వు మలీదా పంచిననాడే మాకు తెల్సక్కా, అప్పుడు ఆఫీసు గోడకు బాకీదార్ల పేర్లు అంటించినారు, మా ఇంటాయనది నాలుగోది, మీ ఇంటాయనది అయిదోది, రహమత్ బీ వాళ్ళది కూడా ఉండ్య, ఆ యమ్మ మార్చిలో ట్రాలీలో నా పక్కనే కూర్చునింది, దావ పొడుగునా ఏడ్చింది, నీ సోటు కాళీగా ఉండ్య అంది ప్రభావతి, నలభై ఇళ్ళూ ఆ మలీదాను నోట్లో వేసుకుని, తెలిసి కూడా, బాగుందక్కా అన్నాయా, ఎవరికి కనబడకూడదని ఇన్నాళ్ళు దాక్కుంది, ఒకే గోడ మీద ఒకే కాగితంలో పేర్లున్న వాళ్ళకా, మరి తెల్సినప్పుడు చెయ్యి పట్టుకుని లాక్కొని పోకపోతివా అంది, అందామనే వస్తిని, ఇద్దత్ అంటివి, అది మీ దేవుని మాట, దానికి అడ్డం ఎట్ల మాట్లాడేది అంది ప్రభావతి, బయట తొమ్మిదివేల రెండు నూర్లు, ఒకటోసారి.

దేవుని మాట, అవును, దేవుని మాటే అడ్డం వచ్చింది అని గట్టిగా అనుకోబోయింది దస్తగిరమ్మ, ఇన్ని రోజులూ అట్లాగే అనుకుంది, ఆ మాట మీదే కూర్చుని ఏడ్చింది, ఇప్పుడు ఎందుకో అది నిలబడడం లేదు, దాని వెనక ఇంకో గొంతు ఉంది, ముసలి గొంతు, మసీదులో నమాజు చదివించే హబీబుల్లా సాబ్‌ది, నలభయ్యో దినం ఫాతెహాకు వచ్చి పరదా అవతలే కూర్చున్నాడు, ఆంజనేయులు మసీదుకు పోయి ఆయన్ను అడిగాడట, అది చెప్పడానికి వచ్చాడు, తల్లీ, ఇల్లు పోయేంత జరూరత్, అంత అవసరం ఉన్నప్పుడు పగటి పూట పోయి రావచ్చు, చీకటి పడేలోగా ఇంటికొస్తే ఇద్దత్‌కు ఏం కాదు, నేను చెప్తాండా కదా, ధైర్యంగా పో అన్నాడు, రెండోసారి, అని బయట అరుస్తున్నారు, ప్రభావతి ఏదో అంటోంది, దస్తగిరమ్మకు అవేవీ వినబడడం లేదు, ఆ ముసలాయన మాట మాత్రం ప్రతి అక్షరమూ వినబడుతోంది, ఈ రోజు కొత్తగా వినబడుతున్నది కాదు, ఆ రోజే అంత స్పష్టంగా వినబడింది, వినబడగానే కాలనీ అంతా కలిసి పోబోయే ట్రాలీ కళ్ళ ముందుకు వచ్చింది, ట్రాలీలో ప్రభావతి మొహం, ఆఫీసులో బాకీదారని పేరు పిలిస్తే అందరి ముందర తను లేచి నిలబడడం, అవన్నీ చూసుకుంది, చూసుకుని సరే సాబ్ అంది, అని లోపలి గదిలోకి పోయి పండుకుంది, పోవడానికి దేవుడు ఒప్పుకున్నాడని తనకు తెలుసు, తెలిసే పండుకుంది.